నడిమి కుట్టు

గుత్తి కోట మీద, ధాన్యపు కొట్టని చెప్పే చీకటి గదిలో
ఐదు గబ్బిలాయిలను పట్టుకోవడానికి కాగితమిచ్చారు.
ఐదే.
ఆరోది కూడా వలలో పడింది.
వదిలేశాను. తోలు గ్లవుజు మీద
రెండు పంటిగాట్లు పెట్టి పోయింది.

మెదడు తీసి అరచేతిలో పెట్టుకుంటే
ఒక చెనిక్కాయ విత్తనమంత.
నాలుగోదాని చెవి
మత్తు ఎక్కినాక కూడా
చాలాసేపు నా వైపు తిరుగుతూనే ఉండింది.
ఇది నోట్సులో రాయడానికి గడి లేదు.

గడ్డకట్టించి, అడ్డంగా, పొరలు పొరలుగా కోస్తాను.
ఉల్లిపొరను కుంచెతో ఎత్తినట్టు ఎత్తి
నీళ్లలో వదిలితే అదే విప్పుకుంటుంది.
మూడు రోజులు రసాయనాల్లో నానినాక
సెరటోనిన్ చేసే కణాలు మాత్రం
డికాషన్ రంగుకు తిరుగుతాయి.
మిగిలిందంతా గంజి తెలుపు.

అవి ఉండే చోటు పేరు రాఫే.
గ్రీకు మాటంట. అర్థం వెతికి
ల్యాబులో ఒక్కదాన్నే నవ్వినాను.
కుట్టు.

నేను మాబుసాబు టైలరు కూతుర్ని.
గుత్తి బస్టాండు వెనక, కత్తిరింపు ముక్కల గుట్ట మీద
నిద్రపోయి పెరిగినదాన్ని.
కుట్టంటే నాకు ఒకరు చెప్పాలా?

కుడి సగం, ఎడమ సగం కలిసే గీత వెంబడి
కింద, వెన్ను మొదలయ్యే దగ్గర,
కచ్చాకుట్టు మాదిరి ఎడం ఎడంగా నాలుగైదు కణాలు.
పైకి పోయేకొద్దీ దట్టం.
నడిమెదడులో, సన్నటి నీటికాలువ కింద,
కాలరు గుండీ తీసినట్టు
రెండు పక్కలకీ విచ్చుకుంటాయి.
ఆ పక్కలను పుస్తకం రెక్కలు అంటుంది.
గబ్బిలాయి తలలో ఇంకో జత రెక్కలు,
ఎగరనివి.

అక్కణ్ణుంచి పూసలు గుచ్చిన దారాల్లా పోగులు
వినికిడి గుట్టల్లోకి ఎక్కుతాయి.
చీకట్లో అరిచి, గోడ చెప్పిన బదులు విని
దారి తెలుసుకునే జీవికి
ఆ గుట్టలు పెద్దవి.
ఈ కణాలు వినవు, అరవవు.
మిషను మీద దారం బిగువు తిప్పే చిన్న మర ఉంటుందే,
ఆ పని చేస్తాయి:
విన్నది ఇంకొంచెం బిగువు,
ఇంకొంచెం వదులు.

నా మర పదకొండు నెలలుగా
ఒక తెల్ల మాత్ర తిప్పుతోంది.
అనంతపురం టవర్ క్లాక్ పక్క సందులో కొంటాను,
మా వీధి అంగట్లో కొనను.
ఇంట్లో బీపీ అని చెప్పినాను.
అంతకు ముందు గోడలు నాకేమీ బదులివ్వని
ఒక ఎండాకాలం గడిచింది.
దాని గురించి ఇంతే.

ఆదివారం ఊరికి పోతే
జాకెట్టు చంక విప్పుతూ నాయిన అడిగినాడు:
"కుళ్లాయమ్మా, గబ్బిలాయికి గూడా దిగులుంటాదా మే?"
తెలీదు నాయినా.
ఆ కణాలు యాడుండాయో చూస్తాం అంతే,
అవి ఏమనుకుంటాయో మాకు కనపడదు.
"కుట్టు కనపడితే కుట్టినోడికి పని రానట్టే"
అని, సూది కంట్లోకి దారం ఎక్కిస్తూ,
నా వైపు చూడకుండానే,
"మాత్ర ఏసుకున్యావా?"

ఏ మాత్రో నేనడగలేదు.
ఆయన చెప్పలేదు.

సోమవారం. రెండో గబ్బిలాయి, నలభై ఒకటో పొర.
ఎడమ పక్క పంతొమ్మిది, కుడి పక్క ఇరవై.
ఒకటి మాత్రం సరిగ్గా గీత మీద,
ఏ సగానిదో తేల్చనీకుండా, కూర్చుని ఉంది.
ప్రభావతి మేడమ్‌ను అడిగితే
ఏదో ఒక పక్క వేసెయ్ అన్నారు.
రెండు గడుల మధ్య ఖాళీలో
పెన్సిలుతో ఒకటి అని రాసి
కింది పొర తీసినాను.